పెండ్లయినాక కూడా అడిగిన అయ్యగారు

"మామా, మీ పెండ్లి నాయుడుపేట గుళ్లో ఆగిపోబోయిందంట గదా? అత్త సెప్పింది."

సెప్పేసిందా! కూచో అల్లుడా. రేపు నువ్వే ఒక సంఘానికి పాస్టరు అయ్యగారుగా పోతాండావు, నీకు పనికొచ్చే ముచ్చటే ఇది.

అప్పుడు యుద్ధం నడస్తా ఉండె. బియ్యం కంట్రోలు, కిరసనాయిలు కంట్రోలు. పెండ్లి చీర కోసం మా అమ్మ రేణిగుంటలో... కాదు కాదు, తిరపతిలో, ఎండలో వరసన నిలబడింది. మన గుళ్లల్లో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన సదవాల గదా, ఎవురికన్నా అభ్యంతరముంటే సెప్పండని. రెండు అయిపోయినాయి. మూడో ఆదివారం నాయుడుపేటలో మీ అత్తోళ్ల అయ్యగారు కాయితం మడిసి జేబులో పెట్టేసినాడు! "పిల్లోని నాయన పెండ్లాన్ని కొడతాడంట. తేల్చుకోకుండా సదవను" అనేసినాడు.

అబద్ధమైతే కొట్లాడి ఉందును. మా నాయన చెయ్యి ఊరికే ఉండేది కాదబ్బా, పుత్తూరంతా ఎరిగిందే. మా అమ్మ మోచేతి ఎముక ఇరిగి పుత్తూరు కట్టు రెండు తూర్లు పడింది.

పుత్తూరు గుళ్లో మా దేవదానం అయ్యగారు నన్ను ఎంటబెట్టుకోని రైలెక్కినాడు. ఆ అయ్యగారింటి వసారాలో ఇద్దరూ ఎదురెదురుగా కూచున్నారు, నేను నడమ దొంగ మాదిరి.

"విత్తు ఒకటేస్తే చెట్టు ఒకటి మొలస్తుందా అయ్యా?" అన్నాడు నాయుడుపేట అయ్యగారు.

"మీరు అడగడం మంచిదే. అడగకుంటే కాపరెట్లయితారు?" అన్నాడు మా అయ్యగారు. "వాళ్ల నాయన చెయ్యెత్తితే తల్లికి అడ్డం పడి దెబ్బలు తినేది వీడే. నా కండ్లతో సూసినాను."

"రేపు వీడే చెయ్యెత్తితే?"

"రేపటి సంగతి నాకూ తెలీదు. అందుకే నెలనెలా వాళ్లింటికి పోయి మీ పిల్లనే అడగతా. ఆ పిల్ల ఏడిస్తే మొదట నన్ను నిలదీయండి."

ఆయన మా అయ్యగారి మొహం సూసి సూసి, జేబులోంచి కాయితం తీసినాడు. పెండ్లయిపోయింది.

మా అయ్యగారు ఏదో మాట వరసకు అన్నాడనుకుంటి. లేదబ్బా, నెల తిరిగేసరికి వాకిట్లో సైకిలు బెల్లు! "నువ్వు బైటికి పోరా" అని నన్ను తరిమి, "ఏమ్మా సుగుణా, చెయ్యెత్తినాడా?" అని అడిగేవాడు. మీ అత్త యెంటనే సెప్తుందా? పప్పులో ఉప్పు సూసుకోని, కూరాకు తుంచుకోని, అప్పుడు... "ఇంతవరకూ లేదయ్యా" అనేది. "ఇంతవరకూ ఏందే!" అని నేను బైటినుంచి అరిస్తే ఆయన పడీపడీ నవ్వేవాడు.

ముసిలోడైపోయి, కండ్లు మసకలేసినా కట్టె పట్టుకోని వచ్చినాడు. "ఇంక అడగాల్నా అయ్యా?" అనింది మీ అత్త. "మాటిచ్చింది నేను గదమ్మా, అడగతా. నువ్వు జవాబు సెప్పు" అన్నాడు.

అది సూడు. నువ్వు కూడా పెండ్లి జరిపించి, భోంచేసి వచ్చేయొద్దు. మళ్లా పో, అడుగు. అట్లా అడిగే నోరు, వినే చెవి దేవుడు నీకియ్యాల. సల్లగా ఉండు నాయనా... ఏమే, వింటాండావా? అల్లుని ముందరన్నా ఆ 'ఇంతవరకూ' తీసేయగూడదా?

"ఇంకా పొద్దు గుంకలేదు గదా!" అంటాంది సూడు వంటింట్లోంచి.