తెలియని చిరునామాలకు దారి వేసిన రూటక్కగారు

పంతొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం, జూలై ఒకటవ తేదీ, సోమవారం ఉదయం, మన మంచినీటి సరఫరా కార్యాలయపు రెండో అంతస్తులో, కిటికీ లేని ఒక గదిలో సాంకేతిక సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించిన మన పెద్ద ఇంజనీరుగారు, ముప్ఫై నాలుగు సంవత్సరాల నిరంతర సేవానంతరం, నెట్‌వర్కు విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. సర్వీసు పుస్తకంలో వారికి వేరే పేరున్నది గాని, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే వారే ఒక క్షణం వెనక్కి తిరిగి చూస్తారు. స్వీపరు మొదలు చీఫ్ ఇంజనీరు వరకు అందరికీ వారు రూటక్కగారే.

చేరిన కొత్తలో కార్యాలయానికున్నవి రెండే కంప్యూటర్లు. వాటి నడుమ కేబుల్ లాగవలసి వచ్చినప్పుడు, చుట్ట భుజాన వేసుకుని రూటక్కగారు నిచ్చెన ఎక్కుతుంటే, "ఈ అమ్మాయి వల్ల అవుతుందంటారా?" అని కింద నిలబడి చర్చించుకున్న పెద్దమనుషులలో ఈ వ్యాసకర్త కూడా ఒకడు. నిచ్చెన పట్టుకోవాలన్న ఆలోచన మాత్రం మాలో ఎవరికీ రాలేదు.

తొంభై ఆరులో ప్రధాన కార్యాలయాన్నీ, పంపింగ్ స్టేషన్లనూ, ట్యాంకులనూ, వార్డు ఆఫీసులనూ, వెరసి పద్నాలుగు చోట్లను ఒకే నెట్‌వర్కులోకి తెచ్చిన ఘనత వారిది. ప్రతిచోటా ఒక రూటరు పెట్టారు. వచ్చిన ప్రతి సమాచారపు ముక్క మీద చిరునామా చూసి, తనకు తెలిసిన దారిలో పంపించడం ఆ పెట్టె పని. తెలియని చిరునామా వస్తే ఎటు పంపాలో చెప్పేదే డిఫాల్టు దారి. తమ దగ్గర పని నేర్చుకున్న ప్రతివారినీ రూటక్కగారు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "నీకు తెలియనిదాన్ని ఎవరి చేతిలో పెడతావు?"

కార్యాలయంలో ఆ ప్రశ్నకు జవాబు చాలాకాలం వారే. ఏ శాఖలోనూ తేలని ఫిర్యాదు చివరికి వారి ఫోనుకే చేరేది. సెలవు రోజుల డ్యూటీ పట్టిక వేసేటప్పుడు, "పిల్లలున్నవాళ్ళు, మీరు ఇళ్ళకు వెళ్ళండి. నేనుంటాలే" అనేవారు. మేము వెళ్ళేవాళ్ళం. కన్నవారు కాలం చేశాక ఒక్క చెల్లెలు తప్ప నా అన్నవారు లేని ఆ మనిషి, యంత్రాల గదిలో ఏసీ చప్పుడు వింటూ ఒంటరిగా టిఫిన్ బాక్సు విప్పుకునేవారని మాకందరికీ తెలుసు. తెలిసీ ఒక్కరోజు కూడా ఒక కుర్చీ లాక్కుని పక్కన కూర్చోలేదు. ఇది అభినందన సంచికే అయినా, ఈ మాట రాయకుండా ముందుకు పోవడం ధర్మం కాదు.

రెండువేల మూడులో జరిగిన ఉదంతం ఒకటి ఇక్కడ ప్రస్తావించక తప్పదు. అప్పటిదాకా మన రూటర్లన్నీ క్లాస్‌ఫుల్ అనే పాత పద్ధతిలో మాట్లాడుకునేవి. వాటిలో సగాన్ని రూటక్కగారు క్లాస్‌లెస్ అనే కొత్త పద్ధతికి మార్చారు. రెండింటికీ డిఫాల్టు దారి చెప్పే తీరు వేరు. కొత్తదానికి అన్నీ సున్నాలున్న దారిని చూపితే చాలు. పాతదానికి ఆ సున్నాల భాష ఎక్కదు. ఫలానా నెట్‌వర్కే నీకు దిక్కని పేరు పెట్టి మరీ చెప్పాలి. రెండూ చక్కగా అమర్చి, ఇక తెలియని చిరునామా అంటూ ఉండదని వారు తృప్తిపడిన మర్నాడే మూడో పంపింగ్ స్టేషన్ ఆపరేటరు ఫోను చేశాడు.

"మేడమ్, లోకమంతా కనబడుతోందండీ. వాతావరణం సైటు కూడా తెరుచుకుంటోంది. మన పక్క ట్యాంకే కనబడట్లేదు."

"డిఫాల్టు ఉందిగా! ఎందుకు కనబడదు?"

"అది మీరే చెప్పాలండీ."

ట్యాంకులో మట్టం ఎంతుందో తెలియక, పంపు ఎప్పుడు ఆపాలో తెలియక, ఒక పక్క నీళ్ళు పొంగి రోడ్డున పడుతుంటే మరో పక్క నలభై వీధుల్లో కుళాయిలు ఎండిపోయాయి. మూడు రోజులు రూటక్కగారు ఆ లోపం కోసం వెతకని చోటు లేదు. ఆ మూడు రోజుల్లోనే చెల్లెలుగారు నాలుగుసార్లు ఫోను చేశారు. "పనయ్యాక నేనే చేస్తానని చెప్పు" అని ఫోనెత్తిన గుమాస్తాతో అనడం, అతను 'చెల్లెలుగారు' అని మాత్రం రాసి తెచ్చిన చీటీని కీబోర్డు కిందికి తొయ్యడం, నాలుగుసార్లూ ఇదే వరస. మూడో రోజు మధ్యాహ్నం, నీళ్ళ ఫిర్యాదు ఒకటి ఎవరికీ తేలక ఎప్పటిలాగే వారి ఫోనుకు వచ్చింది.

"చెప్పండమ్మా" అన్నారు రూటక్కగారు.

"నేనే అక్కా."

"నువ్వా? కంప్లయింటు లైన్లో చేశావేమే?"

"మరేం చెయ్యను? చెల్లెల్నంటే పనిలో ఉన్నారన్నారు. నీళ్ళు రావట్లేదంటే నిమిషంలో కలిపారు. పరాయివాళ్ళకైతే నీ దగ్గర దారుంది. మేం మనవాళ్ళం కదా, మా సంగతంతా నీకు తెలుసనుకుంటావు. తెలీనిది అడగనే అడగవు. మేం ఇల్లు మారి నెలైంది, తెలుసా నీకు?"

"ఉండవే, ఉండు... ఏమన్నావూ? మనవాళ్ళం కాబట్టి తెలుసనుకుంటానా?"

అంతే, ఫోను పెట్టేశారు. పెట్టేసి రూటరు ముందు కూర్చున్నారు. ఆ స్టేషన్ రూటరు ఇంకా పాత బుద్ధితోనే ఉంది. మన నెట్‌వర్కులో రెండు మూడు భాగాలు తనకు తెలుసు కాబట్టి, ఇల్లంతా తెలుసనే దాని ధీమా. కొత్త పద్ధతికి మారిన పక్క ట్యాంకులా తన దారుల పట్టికలో లేని చిరునామా మన ఇంటిదే అయితే, అలాంటిది లేదని అక్కడే పారేస్తోంది. డిఫాల్టు దారిలో అది పంపేది బయటివాటిని మాత్రమే. క్లాస్‌లెస్‌గా నడవమని, అంటే తెలియనిది ఇంటిదైనా డిఫాల్టు దారికే అప్పగించమని, ఒక్క ఆజ్ఞ ఇచ్చారు. పది నిమిషాల్లో పక్క ట్యాంకు మట్టం కనబడింది. సాయంత్రానికి నలభై వీధులకూ నీళ్ళు వచ్చాయి. చీఫ్ ఇంజనీరుగారు స్వయంగా వచ్చి కరచాలనం చేశారు, ఆ వెనకే మేమందరమూ చేశాము.

అందరూ వెళ్ళాక చెల్లెలికి తమ దగ్గరున్న పాత నంబరుకు ఫోను చేస్తే, అది వాడుకలో లేదని వచ్చింది. ఆదివారం పాత ఇంటికి వెళితే, కొత్తగా దిగినవారు తమకు తెలియదన్నారు. చెల్లెలు మళ్ళీ ఫోను చెయ్యలేదు. సగం మాటలో ఫోను పెట్టేసిన మనిషికి ఎవరు మాత్రం చేస్తారు? ఇరవై రెండేళ్ళు గడిచాయి. నీటి కనెక్షన్ల జాబితాలో వెతికితే రెండు నిమిషాల పని గదా అని ఈ మధ్య అడిగితే, "ఆఫీసు రికార్డు తిరగేసి చెల్లెలి ఇల్లు కనుక్కుంటే, ఏ మొహం పెట్టుకుని దాని గుమ్మం ఎక్కనండీ?" అన్నారు.

ఆ తరువాత రూటక్కగారు ఉప విభాగాధిపతిగా, విభాగాధిపతిగా పదోన్నతులు పొందిన సంగతీ, తొమ్మిది మంది ఇంజనీర్లను తీర్చిదిద్దిన సంగతీ విదితమే. విరమణ సభకు కుటుంబ సభ్యులకు ఎన్ని ఆహ్వానాలు కావాలని ఉద్యోగుల సంఘం అడిగినప్పుడు వారు "ఒకటి" అన్నారు. మరుసటి ఉదయం వచ్చి, "అదీ వద్దులెండి" అన్నారు.

వారికున్న పట్టింపు మాకు లేదు. జాబితాలో వెతికాము, దొరికింది. ఇది నిబంధనల ఉల్లంఘన అయితే, క్రమశిక్షణ చర్య ఈ వ్యాసకర్త మీద తీసుకోవచ్చు. ఈ సంచిక ప్రతిని మన మీటర్ రీడరు స్వయంగా ఆ ఇంట్లో అందజేస్తాడు. ఈ వ్యాసపు చిత్తుప్రతిని ముందుగా రూటక్కగారికి చూపించాము. విశేషణాలన్నీ పెన్సిలుతో కొట్టేస్తూ వచ్చి, ఈ పేరా దగ్గర ఆగిపోయారు. కొట్టేస్తారనుకున్నాము. పెన్సిలు పక్కన పెట్టి, "ఏ వీధి?" అని మాత్రం అడిగారు. చెప్పాము. "ఆ వైపు ఒకప్పుడు ప్రెషరు ఉండేది కాదు. ఇప్పుడు నీళ్ళు బాగానే వస్తున్నాయి" అని, కాగితాలు తిరిగిచ్చేశారు.

చెల్లెలుగారూ, ఆ రోజు మీ అక్కగారు ఫోను పెట్టేసింది మీరంటే లెక్కలేక కాదు. మూడు రోజులుగా ఎవరికీ అంతుపట్టని తప్పు మీ మాటతోనే వారికి తెలిసింది. నలభై వీధులకు నీళ్ళిచ్చిన మాట మీదని ఇన్నేళ్ళలో మీతో చెప్పినవారు లేరు. తమ తప్పు కూడా అదేనని వారికి ఆనాడే తెలుసు. దాన్ని సరిచెయ్యడం మాత్రం చేతకాలేదు. కరచాలనం చేసిన మేమెవ్వరమూ, ఇంటికి వెళ్ళి ఎవరితో మాట్లాడుతారని వారిని అడగలేదు.

రూటక్కగారికి సంపూర్ణ ఆరోగ్యమూ, నిండు నూరేళ్ళ ఆయుష్షూ కలగాలని సహోద్యోగులందరమూ మనసారా కోరుకుంటున్నాము. అయితే ఆ నూరేళ్ళలో మిగిలిన సాయంత్రాలు వారికి ఒంటరిగా గడవకుండా చూడడం మా కోరికల వల్ల అయ్యే పని కాదు. చెల్లెలుగారూ, సభ ఈ నెల ముప్ఫయ్యో తేదీ సాయంత్రం నాలుగు గంటలకు, రెండో అంతస్తులో. మీరు రండి.