దీనమ్మ తినని కోడి

దీనమ్మని ఒకావిడ మా పేటలోనే ఉండేది, కూలికి మిరపకాయల ముచ్చికలు, అదే తొడిమలు, తుంచి బతికేది. ఎవరన్నా పలకరిస్తే, ఎందుకు పలకరించారా అని రెండ్రోజులు ఆలోచించే మనిషి. ఏమైందంటే, మొగుడు ఏసోబు పోయిన కాడ్నించీ చర్చికి వస్తది, పాటలు పాడతది, నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే బల్లకాడికి మాత్రం రాదు. ఆరు నెల్లయింది. ఏదో పెద్ద తప్పే చేసుంటదని పేటంతా గుసగుసలు. ఆవిడకీ చెప్పుకోవాలనే ఉందంట, చెప్పుకుంటేగాని బల్లకాడికి పోలేననుకుంది. చెప్పేదెవరికి? వెనకటి పాస్టరుగారు ఉన్నాడే, మంచోడే, కానీ మనం సగం చెప్పేలోపే మోకాళ్లేసేవాడు. "ప్రభువా, పెళ్లాన్ని కొట్టే సంసోను చేతిని కట్టెయ్ తండ్రీ" అని గొంతెత్తి ప్రార్థన. మనవేమో రేకుల ఇళ్లాయె. ఆమేన్ అనేలోపు చివరి ఇంటిదాకా పాకేది. ఆ సాయంత్రం సంసోను పెళ్లాం ఇంకో నాలుగు దెబ్బలు తిన్నది. నవ్వకండి, నవ్వే సంగతి కాదది.

ఆయన ఊరొదిలి వెళ్లాక కొత్త పాస్టరుగా జయశీలం అయ్యగారు వచ్చాడు. దీనమ్మ ఇంటికొచ్చి చాప మీద కూర్చున్నాడు. ఎట్టా ఉన్నారమ్మా అన్నాడు, అంతే, ఇంక మాట్లాడలా. మిరపకాయల కుప్ప ముందుకు లాక్కుని తనూ ముచ్చికలు తుంచటం మొదలెట్టాడు. ఇదేందిరా దేవుడా అనుకుంది దీనమ్మ. పాస్టరన్నాక మాట్లాడాలి, నోరు మూసుకు కూర్చున్నాడంటే నా నోట్లోంచి లాగటానికే వచ్చాడు, ఆదివారం పూట నలుగుర్లో పెడతాడు, చూస్తాగా నీ సంగతి, అనుకుంది. అనుకుని, గొంతు తగ్గించి, "అయ్యగారూ, క్రిస్మస్‌కి జక్రయ్య కోడిపుంజు పోయిందే, అది నేనే కోసుకు తిన్నా" అన్నదంట. ఒట్టి అబద్ధం! ఆవిడ కోడి ముట్టదసలు. ఆయన ఊఁ అన్నాడు, లేచి వెళ్లిపోయాడు.

ఆదివారం దీనమ్మ వెనకాల గోడకానుకుని కూర్చుంది. ప్రసంగంలో కోడి వస్తదేమోనని చూసింది, రాలా. ప్రార్థనలో వస్తదేమోనని ఒక కన్ను తెరిచి చూసింది, రాలా. ఇంటికొచ్చి గడియేసుకుంది, జక్రయ్య కర్ర పుచ్చుకొస్తాడని. రాలా. అబ్బో, గట్టోడే, దాచిపెట్టుకుంటన్నాడు అనుకుంది. అనుమానం ఇంకా పెరిగిందనుకో. మళ్లీ ఆయన వస్తే, ఎస్తేరు ఆరేసిన చీర నేనే తీశానంది. ఆయన మళ్లీ ఊఁ. ఆ ఆదివారమూ ఏం లేదు, ఎస్తేరు ఎప్పట్లాగే పక్కన కూర్చుని పలకరించింది.

మూడోసారి వచ్చాడు. కాసేపు ఇద్దరూ ముచ్చికలు తుంచారు. అప్పుడు దీనమ్మ చెప్పిందంట. "మా ఆయన జబ్బుతో మంచంలో ఉన్నాడు అయ్యగారూ. నేను పనికిపోయి మజ్జానం వచ్చి పడుకున్నా. దీనా, మంచినీళ్లు అన్నాడు. వినపడింది. నిద్రపోయినట్టు పడుకున్నా. ఇంకోసారి అన్నాడు. లేవలా. లేచేసరికి ప్రాణం లేదు" అంది. ఆయన మోకాళ్లెయ్యలా, బైబిలు వాక్యం తియ్యలా. చేతిలో కాయ కింద పెట్టి, "ఆ రోజు పనికి ఎన్నింటికి లేచారమ్మా?" అనడిగాడు. "మూడింటికి" అంది, అని భోరుమంది. ఆరు నెలల ఏడుపంతా ఏడ్చింది. ఆయన కదల్లా.

కళ్లు తుడుచుకోగానే మళ్లీ అనుమానం! "కోడీ చీరా కూడా నేనేనని నమ్మారా అయ్యగారూ?" అంది. "లేదమ్మా. అవి చెప్పేటప్పుడు మీ చేతులు ముచ్చికలు తుంచుతానే ఉన్నాయి. ఇవాళ ఆగిపోయాయి" అన్నాడంట. ప్రార్థన చెయ్యమంటారా అంటే, "చెయ్యండి, పైకి మాత్రం వద్దు" అంది. ఆయన తల వంచుకున్నాడు, పెదాలు కూడా కదల్లా. ఆమేన్ మాత్రం ఆవిడే పైకి అంది.

ఆ నెల బల్లకాడికి వచ్చింది. గిన్నె పట్టుకుని ద్రాక్షరసం తాగింది, మేమంతా చూశాం. ఇన్నాళ్లకి ఎందుకొచ్చిందో ఎవరికీ తెలీదు, ఎంత తిప్పి అడిగినా అయ్యగారు చెప్పలా. మరి నీకెట్టా తెలిసిందే అంటారా? దీనమ్మే కన్నుమూసేముందు నాకు చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని చేతిలో చెయ్యేయించుకుని మరీ. అంత అనుమానపు మనిషి, నాకు మాత్రం ముందుగా కోడి సంగతి చెప్పి చూడలేదు మరి.