నాదే అడుగు

తిప్పన్న అని ఒక బోయీ ఉండేవాడంట. పల్లకీ మోసేవాళ్ళకు ఆయనే పెద్ద. ఆరుమంది మోసేవాళ్ళు అనుకో, ముందర తిప్పన్న, ఎనక తక్కినోళ్ళు. పెద్దనని ఆ మనిషి ఎవర్నీ తిట్టింది లేదు, కూర్చోబెట్టి బుద్ధులు చెప్పింది లేదు. ఉన్నది ఒకటే అలవాటు. నడిచేటప్పుడు ఆయన కాలు జారి పల్లకీ ఊగిందనుకో, వెంటనే "నాదే అడుగు!" అని గట్టిగా అరిచేవాడంట. ఎందుకంటావా? పల్లకీ ఒకడు మోసేది కాదు కదమ్మా. ఎవడి అడుగు తప్పిందో తెలిస్తే తక్కినోళ్ళు ఆ పక్క బరువు తమ భుజాల మీదికి తీసుకుంటారు. తెలీకపోతే తలా ఒక దిక్కు లాగుతారు, లోపలున్నోళ్ళు కిందపడతారు. పెద్దోడే అట్ల అరుస్తాంటే మనకేం సిగ్గులే అని అందరూ అట్లే అరిచేవాళ్ళంట. అరిచినోణ్ణి ఎవరూ ఒక మాట అనేది లేదు. అది ఇండ్లల్లోకి గూడా పాకింది. సంగటి మాడితే ఆడోళ్ళు "నాదే చెయ్యి" అనేవాళ్ళంట. పిల్లోళ్ళు కుండ పగలగొట్టి "నాదే రాయి" అని వాళ్ళంతట వాళ్ళే వచ్చి నిలబడేవాళ్ళంట. నవ్వుతావేం ఈరమ్మా? మీ ఇంట్లో కుండ పగిలితే పిల్లి మీద పెడతారు కదా!

సరే, ఏమైందంటే, తిప్పన్నకు వయసు మళ్ళింది. ఒక భుజం బొత్తిగా పడిపోయింది. కూతురు సుంకమ్మ మొగుడు కదిరప్పను పెద్దను చేసినారు. మంచోడే పాపం, పనిమంతుడే. కాకపోతే చిన్న వయసు, అల్లుడని పెద్దరికం ఇచ్చినారే, తప్పు చేస్తే నవ్వుతారేమో అని లోపల ఒకటే బెదురు. మొదటి రోజే ఆయన కాలే రాయి మీద జారింది. 'నాదే' అనే మాట నోటిదాకా వచ్చింది, మింగేసి "ఎవడ్రా అది?" అని ఎనక్కి అరిచినాడంట. ఎనకోళ్ళు బిత్తరపోయి "నేను కాదు", "నేను కాదప్పా" అన్నారు. అంతే. నెల తిరిగేసరికి పల్లకీ ఊగిందంటే చాలు, "నేను కాదు, నేను కాదు" అని అందరి నోళ్ళూ లేచేవంట. ఇండ్లల్లో కుండలన్నీ పిల్లులే పగలగొట్టినాయి. తిప్పన్న అరుగు మీద కూర్చుని అంతా వింటా ఉండేవాడు.

ఇట్లుండగా సుంకమ్మకు నొప్పులొచ్చినాయి. ఒక పగలు, ఒక రాత్రి, బిడ్డ బయటికి రాదే! మంత్రసాని ఏటికి అవతల ఊళ్ళో ఉంది. ఊరి రెడ్డిని అడిగి ఆయన పల్లకీ తెచ్చి, తెల్లారంగానే సుంకమ్మను పండబెట్టి బయల్దేరినారు. ముందర కదిరప్ప, ఇంకొకడు. ఎనక ఓబన్న, ఇంకొకడు. నలుగురు. పక్కన ముసలి తిప్పన్న కట్టె పట్టుకుని... ఏందే ఈరమ్మా? ఆరుమంది అన్నానా? కథ చెప్పేది నువ్వా నేనా? నోరు మూసుకుని విను!

ఏట్లో మోకాటి లోతు నీళ్ళు, అడుగున పాచి రాళ్ళు. నడిమధ్యకు పోయేసరికి పల్లకీ ఒక పక్కకు ఒరిగింది. "ఎవడ్రా?" అన్నాడు కదిరప్ప. "నేను కాదు" అన్నారు ముగ్గురూ. ఎవడు ఆ పక్కకు భుజం ఇయ్యాల? తెలీదు కదా. ఇంకోసారి ఒరిగిందా, తల్లీ బిడ్డా ఏట్లోకే. అప్పుడు లోపల్నుంచి సుంకమ్మ, అంత నొప్పిలో, పండ్లు బిగబట్టి అంటాదీ, "ఎవర్నీ అనొద్దయ్యో! నాదే అడుగు! నేనే కదిలినా!"

చూడండమ్మా. కదిలే ఓపిక యాడుంది ఆ బిడ్డకు? చిన్నప్పట్నుంచీ నాయన నోట విన్న మాట, అదే వచ్చింది. తిప్పన్న ఏట్లో నిలబడి బొటబొటా కన్నీళ్ళు కార్చినాడంట. "కాదు సుంకీ, నాదే అడుగు! దిగేటప్పుడు రాయి తొక్కినా, చెప్పలేదు. ఆ మొదటి రోజూ నాదే!" అని కదిరప్ప ఏరంతా వినపడేటట్టు అరిచినాడు. అంతే, ఎనక ఓబన్న ఏడుపు గొంతుతో "నాది గూడా అన్నా! రెండు దినాలుగా మడమ పగిలి చీము పట్టింది, నువ్వు అరుస్తావని దాచినా" అన్నాడంట. ఇంక తెలిసింది కదా యాడ బరువు తగ్గించాల్నో! తిప్పన్న కట్టె ఏట్లో పారేసి, ఓబన్న పక్కన తన మంచి భుజం పెట్టినాడు. నలుగురు మోసేది ఐదుమంది మోసినారు.

మంత్రసాని చేతిలో ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారు. కదిరప్ప మనవరాళ్ళు పుట్టిందాకా పల్లకీ మోసినాడంట, మామ మాదిరే అరుస్తా.

ఈరమ్మా, ఇట్ల రా, పక్కన కూర్చో. మొదట్లో ఆరుమంది అన్నది నేనే. నిన్ను ఊరికే కసురుకున్నా. నాదే అడుగు తల్లీ.