అంటు

హలో… ఆ, నేనే. చెప్పు చెల్లీ. …ఆ, కాలు పర్లేదు, కర్ర పట్టుకుని నడుస్తున్నా.

ఏమైంది, మెల్లగా చెప్పు. …పూసిందా! మరి సంతోషించక ఆ గొంతేంటి? …ఎర్రదా?

ఒంటిరెక్క ఎర్రది… కంచెల్లో పూసే మామూలు మందారం. …ఊఁ. పసుపు రెక్కా, ఊదా నడుమూ… ఒక్కటి కూడా లేదూ? …

లేదు, నవ్వట్లేదు. …సరే, నవ్వుతున్నా.

పూల పోటీవాళ్లు ఎప్పుడొస్తారు చూడ్డానికి? …మధ్యాహ్నమే! అయ్యో పాపం.

మూడు నెలల కిందట ఇలాగే ఫోన్ చేశావు, గుర్తుందా? 'అక్కా, కాండం మీద గడ్డలా ఉంది, ఏంటది' అని. నేనేమన్నాను? …కాదు. రోగం అన్నది నువ్వు. నేను 'అంటు' అన్నాను. అంతే.

…అంటురోగం కాదమ్మా, అంటు కట్టడం! కింద ఎర్రమందారం మొద్దు, పైన నా పసుపు కొమ్మ. రెంటినీ కలిపి నేను కట్టిన ముడి అది. నువ్వేమో 'అమ్మో, పక్క కుండీలకి పాకుతుందేమో' అని ముడి కిందికి కోసి, పైదంతా తగలబెట్టావు. ఇక మొద్దు చిగురిస్తే ఎర్రగా కాక ఎలా పూస్తుంది?

…చెప్పొచ్చు. 'ఉండక్కా, కత్తెర తెచ్చుకుంటా' అన్నావు చూడు, అప్పుడే చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. …మింగేశా.

ఎందుకా? నేను కాలు విరిగి మంచమ్మీదుంటే, 'నీళ్లు పోసి చూసుకుంటా' అని కుండీ పట్టుకెళ్లిందెవరు? అది పూశాక పూల సభలో 'ఇది నేనే పుట్టించా' అని మైకులో చెప్పిందెవరు? మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను చెల్లీ. మామగారు 'మా చిన్నకోడలి చేతి చలవ' అని మురిసిపోతుంటే, పెద్దకోడల్ని, నేనూ తలూపాను.

…పొరపాటా! కన్నదానివైతే బిడ్డ బొడ్డు చూసి పుండనుకుంటావా?

…అరవకు. చెవిలో అరవకు.

…నా దగ్గరా? ఇంకో కొమ్మ… నా దగ్గరెక్కడిది? …ఒట్టు. గింజలు నాటి, పూసేదాకా పెంచి, పీకేసి, మళ్లీ నాటి… ఆరేళ్లకి ఒక్కటి అలా పూసింది. ఆ తల్లిమొక్క ఎండకి మాడిపోయింది. మిగిలింది నువ్వు పట్టుకెళ్లిన అంటొక్కటే.

…ఆ, అదే ఆఖరిదని తెలుసు. నువ్వు కత్తెర కోసం వెళ్లినప్పుడూ తెలుసు.

…పిచ్చిదాన్నే అనుకో. నా పువ్వు నీ గుమ్మంలో పూసేకంటే, అసలు లేకపోవడమే నయమనిపించింది.

…ఇప్పుడా?

…ఇప్పుడూ అదే. పెట్టేస్తున్నా.