సూర్యుడి మచ్చలకు పసుపు రంగు

స్కూల్లో సైన్సు ప్రదర్శన ఇంకో అరగంటలో మొదలవుతుంది. కాగితపు గుజ్జుతో చేసిన సగం సూర్యుడి ముందు డ్రాయింగు మాస్టారూ, దాన్ని చేసిన అమ్మాయి తల్లీ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"మా అమ్మాయి పెట్టిన నల్ల మచ్చల మీద పసుపు రంగు పూసిందెవరండీ?"

"నేనే. ముఖ్య అతిథికి పెచ్చులూడిన సూర్యుణ్ణి చూపించమంటారా?"

"అవి పెచ్చులు కావు, సూర్యుడి మీద నిజంగా ఉండే మచ్చలు. లోపల హైడ్రోజన్ హీలియంగా మారే చోట కోటిన్నర డిగ్రీల వేడి. పైన అయిదున్నర వేలు. మచ్చల దగ్గర అంతకన్నా తక్కువ, అందుకే నల్లగా కనిపిస్తాయి. పిల్ల వారం రోజులుగా బట్టీ పడుతున్నది ఈ ముక్కే."

"నోటితో చెప్పడానికి మచ్చలెందుకు?"

"చూపించకపోతే మార్కులు పోతాయి కాబట్టి."

"మీ ఇంటి గోడ మీద మరక పడితే ఊరుకుంటారా?"

"గోడైతే తుడుస్తాను. సూర్యుడి దగ్గర నాకంత చనువు లేదు."

"వాదన అనవసరం. నల్ల రంగు బీరువాలో ఉంది, తాళం నా జేబులో ఉంది."

"భద్రంగా ఉంచుకోండి. పాపా, ఇలా రా. నా సంచీలో కాటుక పెన్సిల్ ఉంది, తియ్యి. కాస్త పక్కకి జరగండి మాస్టారూ, పిల్లకి వెలుతురు రావట్లేదు."