కదలని కడుపు ముక్క

లండన్‌లో ఒక ప్రయోగశాల, 1972. గాజు గొట్టంలో దారానికి వేలాడే ఎలుక కడుపు ముక్క, మనిషి రక్తం తగిలితే ముడుచుకోవాలి. గంట నుంచి అది హాయిగా నిద్రపోతోంది. హిల్డా థీసిస్ మొత్తం ఆ ముక్క మీదే ఉంది. రక్తం ఇస్తానని ఒప్పుకున్న టెక్నీషియన్ డెజ్మండ్ టీ కప్పు పట్టుకుని, ఆమె కంట పడకుండా తిరుగుతున్నాడు.

"మళ్ళీ పోశాను. కదల్లేదు."

"చచ్చిపోయిందేమో తల్లీ."

"చచ్చిన ఎలుకదే కదండీ."

"అంటే, ఇంకాస్త చచ్చిందేమోనని."

"రక్తంలో తయారై ముక్కని కదిలించే సరుకే ప్రోస్టాగ్లాండిన్, అది సీసాలోంచి చుక్క వేస్తే గంతేసింది. ముక్క బానే ఉంది. ఈ రక్తమే ఆ సరుకు తయారు చెయ్యట్లేదు."

"టీ చల్లారిపోతోంది."

"టీ సంగతి తర్వాత. ఆస్పిరిన్ మింగినవాళ్ళ రక్తం ఊరుకుంటుంది, మింగనివాళ్ళది ముక్క ముడుచుకునేలా చేస్తుంది. నా నాలుగో అధ్యాయమంతా అదే. భోజనం కాగానే ప్రొఫెసర్ వాట్‌కిన్ గారొచ్చి చూస్తారు. మింగని రక్తం కూడా ఊరుకుంటే ఆ అధ్యాయం చించేస్తారు. ఇంకో ఏడాది ఎలుకలతో కాపురం నాకు."

"ఎలుకలు మంచివే."

"మీరు బిళ్ళ వేసుకున్నారా?"

"నేనా? నేనెందుకు వేసుకుంటాను."

"నిన్న పబ్‌కి వెళ్ళారుగా."

"వెళ్ళాను."

"పొద్దున తలనొప్పి?"

"ఉంది. ఇప్పుడూ ఉంది. నీ కోసం వారం నుంచి బిళ్ళ ముట్టలేదు, ఒట్టు."

"మరి మీ రక్తానికేమొచ్చింది?"

"నా రక్తానికేం, బంగారం."

"ఏదీ, చొక్కా చెయ్యి మడవండి."

"చలిగా ఉందమ్మా."

"మడవండి. సూది గుర్తేదీ?"

"మానిపోయిందేమో."

"గంటలోనా?"

"మా వంశంలో తొందరగా మానతాయి."

"డెజ్మండ్ గారూ."

"సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి తల్లీ. ఇన్నేళ్ళుగా ఎలుకల్ని పొడుస్తున్నాను గానీ, నన్నెవరైనా పొడుస్తారంటే..."

"ఎవరి రక్తం ఇది?"

"బిస్కెట్ తింటావా?"

"ఎవరిదండీ?"

"వరండాలో కళ్ళు తేలేసి కూర్చుంటే ఆయనే చూశారు. పిరికివాడా, నేనిస్తాను పద అన్నారు. నీకు చెప్పొద్దన్నారు. తనదని తెలిస్తే నీ చెయ్యి వణుకుతుందట."

"ఆయనంటే... ప్రొఫెసర్ గారా?"

"మెల్లగా. పక్క గదిలోనే ఉన్నారు."

"ఆయనకి బిళ్ళలంటే పడదుగా. ఎవరేం మింగినా తిడతారు."

"పడదు. ఎప్పుడూ వేసుకోరు. ఇవాళ వేసుకున్నారు."

"ఏంటీ?"

"రెండు. రాగానే నా ఆస్పిరిన్ డబ్బాలోంచి తీసుకున్నారు."

"బిళ్ళ మింగితే రక్తం ఇవ్వొద్దని తలుపుకి కాగితం అంటించానుగా. చూడలేదా?"

"చూశారు. నవ్వారు."

"అయిపోయింది. ఆయనొచ్చేలోగా మింగని రక్తం ఎక్కణ్ణించి తేను? ఇంత మనిషికి ఇవాళే తలనొప్పి రావాలా?"

"నీ నాలుగో అధ్యాయం చదివే వచ్చిందట. 'రెండు బిళ్ళలు మింగితే రక్తం నోరు మూసుకుంటుందా, కాకమ్మ కథలు' అని సణుగుతూ, నా టీతోనే ఆ రెండూ మింగారు."