మొరాయించిన తుపాకీ

(టర్కీలో కోన్యా నగరం దగ్గర ఒక చిన్న ఊరు. తుపాకులు బాగుచేసే రెజాయ్ కొట్టు; అతన్ని అందరూ ఉస్తా, అంటే మేస్త్రీ, అని పిలుస్తారు. శనివారం మధ్యాహ్నం. బల్ల మీద విప్పేసిన తుపాకీ. బల్లకు ఇవతల దాని సొంతదారు తుర్హాన్.)

"మళ్లీ చెప్పు. ఏ నూనె?"

"కుట్టుమిషను నూనె, ఉస్తా."

"అదొక్కటేనా?"

"అది అయిపోయాక, ఇంట్లో ఉన్నది."

"ఇంట్లో ఉన్నది అంటే?"

"పొద్దుతిరుగుడు నూనె. కొంచెమే."

"బాగుంది. రెండు ఉల్లిపాయలు కూడా తరిగి వెయ్యాల్సింది. నేను పిస్టన్ బయటికి లాగితే మా ఆవిడ లోపల్నించి అడిగింది, ఏం వేయిస్తున్నావని."

"తుప్పు పట్టకూడదని..."

"పట్టలేదు. తుప్పు దూరడానికి సందు దొరకలేదు. ఎన్నాళ్లకోసారి పోసేవాడివి?"

"రోజూ."

"రోజూ?"

"పని నుంచి రాగానే. గుడ్డతో తుడిచి, మూడు చుక్కలు. పిస్టన్ మీద ఇంకో నాలుగు."

"నెస్రిన్‌కి తెలుసా, ఇంట్లో తనకి సవతి ఉందని?"

"ఉస్తా, మీరు వెటకారం ఆపితే నేను వచ్చిన పని చెబుతాను."

"వచ్చిన పని నాకు తెలుసు అల్లుడూ. ఊరందరికీ తెలుసు. నేను రోగం సంగతి అడుగుతున్నా. దీన్ని ఎక్కడ పెడతావు?"

"గోడకి తగిలిస్తాను. హాల్లో."

"హాల్లో ఎక్కడ?"

"పొయ్యి పైన. చెమ్మ తగలకుండా."

"కట్టెల పొయ్యి పైన. వంటనూనె పోసి, పొయ్యి సెగ చూపించి, తుపాకీని రోజూ వండావన్నమాట. ఆ నూనె ఆరి, జిగురై, పిస్టన్‌కి తేనెరంగులో పూత కట్టింది. చూడు, గోరుతో గీకితే ఊడుతోంది. మీ మామ దీన్ని కొనిచ్చిన రోజు నీకు ఒక మాట చెప్పాను, గుర్తుందా?"

"చాలా చెప్పారు."

"కొత్త తుపాకీ మీద చిక్కటి పసుపు గ్రీజు ఉంటుంది, అది గోదాముల్లో పాడవకుండా పూసేది, మొదటి రోజే కిరసనాయిలుతో కడిగెయ్యి అన్నాను. కడిగావా?"

"ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన గ్రీజు కదా. వాళ్లకి తెలియకుండా పెడతారా, తీసేస్తే పాడవుతుందేమోనని..."

"కొత్త చొక్కా కొన్నప్పుడు కూడా అంతేనా? అట్టముక్క, గుండుసూదులు తియ్యకుండానే తొడుక్కుంటావా? పోనీ. మొదటి రెండు పెట్టెలూ బరువు తూటాలే కాల్చమన్నాను. సెమీ ఆటోమేటిక్ అంటే, కాల్చిన తూటా గ్యాసుతోనే అది తర్వాతి తూటా ఎక్కించుకోవాలి. లోపల స్ప్రింగు కొత్తది, బిర్రుగా ఉంటుంది, బరువు తూటాలు పడితేగానీ లొంగదు అన్నాను. కాల్చావా?"

"కాల్చాను."

"ఎన్ని?"

"నాలుగు."

"నాలుగు పెట్టెలు?"

"నాలుగు తూటాలు. భుజం నొప్పి పుట్టింది."

"పెళ్లయిన మూడేళ్లలో నాలుగు తూటాలు, వెయ్యి పూటలు నూనె. నాకు ఈ ఊళ్లో ఇంతకన్నా సుఖపడిన తుపాకీ తెలియదు."

"సుఖపడితే మరి పోయిన ఆదివారం వేటలో ఎందుకు మొరాయించింది? చవకరకం ఉస్తా ఇది. అందరూ అంటున్నదే. ఈ చవక సెమీ ఆటోమేటిక్‌లు గోడకి అందంగా ఉంటాయి, అవసరానికి ఆగిపోతాయి అని."

"అందరూ అంటే?"

"కాఫీ కొట్లో."

"కాఫీ కొట్లో వాళ్లు జీవితంలో విసిరినవి పేకముక్కలే. విను. ఖరీదైన తుపాకీ నువ్వు బురదలో పడేసినా ఓర్చుకుంటుంది. చవకది ఓర్చుకోదు, కాస్త కనిపెట్టుకుని ఉండాలి. తేడా అంతే. గ్యాసు వెళ్లే రంధ్రాలు మసి పడతాయి, సన్నటి తీగతో పొడవాలి. రబ్బరు రింగు ఎండిపోతుంది, ఏడాదికోటి మార్చాలి. నూనె తడి కనపడాలిగానీ కారకూడదు. పది నిమిషాల పని. మీ మామ చవకలో మంచిది చూడమంటే ఫ్యాక్టరీకి నేనే వెళ్లాను. పదకొండు విప్పి చూసి పన్నెండోది తెచ్చాను. దీన్ని చెత్త అంటే నన్ను అన్నట్టే."

"నేను మిమ్మల్ని ఏమీ అనలేదు."

"అనలేదు. ఆ రోజు నుంచి ఊరంతా తిరిగి 'తూటా ఎక్కించే బోల్ట్ ఇరుక్కుంది, నేనేం చెయ్యను' అంటున్నావు. అంటే ఏమిటి? రెజాయ్ కళ్లు పోయాయి అని. మీ మామ నిన్న ఇక్కడికి వచ్చి ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. టీ ఇస్తే ముట్టలేదు. విప్పి చూడు, తుపాకీ తప్పా మనిషి తప్పా, ఒక్క మాట చెప్పు చాలు అన్నాడు. రేపు పొద్దున వేటకి ఎవరు ఏ మాటులో కాపు కాయాలో చీట్లు రాస్తాడట. తుపాకీ తప్పయితే నీ పేరుతో చీటీ ఉంటుంది. మనిషి తప్పయితే ఉండదు. ఇక ఎప్పటికీ ఉండదు."

"నాకూ చెప్పాడు. అంటే నాకు కాదు. నెస్రిన్‌కి చెప్పాడు, నేను పక్కనే ఉండగా."

"ఇంకా మాట్లాడ్డం లేదా?"

"ఆరు రోజులైంది. ఒకే బల్ల దగ్గర తింటాం. ఉప్పు కావాలంటే కూతురితో అంటాడు, 'మీ ఆయన చెయ్యి పనిచేస్తోందేమో కనుక్కో, పనిచేస్తుంటే ఆ ఉప్పు ఇటు తొయ్యమను' అని."

"ఇస్తావా?"

"ఇస్తాను. 'పరవాలేదు, ఇది మాత్రం ఇరుక్కోలేదు' అంటాడు. నెస్రిన్ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది."

"ఆ వేటకుక్క పొయ్‌రాజ్‌ని ఆయన ఎలా పెంచాడో నీకు తెలుసు కదా. అడవిపందిని తరుముకుంటూ వచ్చి, దాని కోరకి చిక్కి నీ మాటు ముందే చచ్చింది. దాన్ని కోటులో చుట్టి ఆ కొండంతా మోసుకుంటూ, ఏడుస్తూ దిగాడు. తన తల్లి పోయిన రోజు నేను పక్కనే ఉన్నాను, అప్పుడైనా కంట తడి పెట్టలేదు."

"తెలుసు."

"తెలిస్తే ఆయన ముందు బోల్ట్ కథ ఎందుకు?"

"కథ కాదు."

"సరే. పొద్దున దీన్ని రాతిగని దగ్గరికి పట్టుకెళ్లాను. కడగలేదు. నువ్వు తెచ్చింది తెచ్చినట్టే, నీ వంటనూనెతో సహా. ఇరవై ఐదు కాల్చాను. ఎన్నోదానికి ఆగిందో చెప్పు."

"నాకెలా తెలుస్తుంది?"

"ఊహించు."

"మూడోదానికి."

"ఆగలేదు."

"ఇవాళ ఎండగా ఉంది. ఆ రోజు మంచు. చలికి నూనె గట్టిపడి..."

"మంచిది. చలికి గట్టిపడింది అనుకుందాం. అప్పుడు రెండో తూటా ఎక్కదు, మూడోది ఎక్కదు. మొదటిది? అది పొద్దున నువ్వు చేత్తో ఎక్కించింది, అప్పటికే లోపల కూర్చుని ఉంది. దానికి పిస్టన్‌తో పనేముంది, నూనెతో పనేముంది? ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది."

"పేలలేదు."

"నొక్కావా?"

"నొక్కాను."

"ఆ తూటా ఇదేనా? నువ్వే తెచ్చావు."

"అదే."

"దీని అడుగు చూడు. ఇత్తడి బొట్టు నున్నగా ఉంది. పిన్ను తగిలితే గాటు పడాలి, పేలకపోయినా పడుతుంది. దీన్ని ఎవరూ తాకలేదు అల్లుడూ."

"సేఫ్టీ తియ్యడం మర్చిపోయానేమో."

"ఇందాక బోల్ట్. ఇప్పుడు సేఫ్టీ. తర్వాత ఏమిటి, తుపాకీ ఇంట్లో మర్చిపోయావా?"

"మీకేం కావాలి ఉస్తా?"

"నిజం కావాలి. భయం వేసిందని చెప్పు. అది తప్పు కాదు. నా మొదటి పంది ఎదురైనప్పుడు నేను ప్యాంటు తడుపుకున్నాను, మా నాన్న వాగులో పడ్డానని చెప్పి కాపాడాడు. నువ్వు భయపడ్డావని నేను మీ మామకి మెల్లగా చెబుతాను. నాలుగు తిట్లు తిడతాడు. ఏడాది తర్వాత మళ్లీ తీసుకుంటారేమో."

"తీసుకోరు. తీసుకోరని మీకూ తెలుసు. నేను ఇల్లరికం వచ్చినవాణ్ని. కరమాన్ ఊరి నుంచి రెండు పెట్టెలతో దిగాను. ఈ ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఏడుగురు, ఆ ఏడుగురూ మన వేట జట్టులో వాళ్లే. మిగతావాళ్లకి నేను వెహ్బీ గారి అల్లుణ్ని. రేపటి నుంచి వెహ్బీ గారి పిరికి అల్లుణ్ని అవుతాను."

"మరి అంత తెలిసినవాడివి కాల్చాల్సింది. పంది పదిహేను అడుగుల్లో ఉంది. ఏ అడ్డమూ లేదు."

"అడ్డం ఉంది."

"ఏం అడ్డం? చెట్టా?"

"చెట్టు కాదు."

"బండా? కుక్కా? కుక్క అప్పటికింకా వెనకే ఉంది."

"ఆ రోజు మీది ఏ మాటు, ఉస్తా?"

"నాలుగు. నీ పక్కదే. పెద్దబండ మీద. ఎందుకు?"

"వేట ముగిసిందని ఈల వేసేదాకా అక్కడే ఉన్నారా?"

"ఎక్కడికి పోతాను? ముప్ఫై ఏళ్లుగా ఈల వినపడకుండా మాటు దిగింది లేదు. దిగినవాణ్ని మన జట్టులో రెండో ఆదివారం చూశావా నువ్వు? పక్క మాటువాడు నువ్వు అక్కడే ఉన్నావనుకుని..."

"అనుకుని ఇటు వాగులోకి కాలుస్తాడు."

"అదే."

"అదే ఉస్తా. నేనూ అలాగే అనుకున్నాను. పంది వాగులోకి దిగింది. సేఫ్టీ తీశాను. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. అప్పుడు దాని వీపు మీదుగా, రెల్లు మధ్యలో, మన వేటగాళ్లు తొడుక్కునే నారింజ రంగు చొక్కా కనపడింది. మోకాళ్ల మీద ఉన్నాడు మనిషి. వీపు నా వైపు. పందిని చూడలేదు, కుక్క అరుపు కూడా వినలేదు."

"రెల్లులో పొద్దున పూట రంగులు సరిగ్గా తెలియవు. ఎండుటాకులు కూడా అలాగే ఉంటాయి."

"ఎండుటాకులకి తుపాకీ ఉంటుందా? కింద పెట్టి, మోకాలితో అదిమి, బోల్ట్‌ని రాయితో కొడుతున్నాడు."

"రాయితో కాదు."

"మరి?"

"బూటు విప్పి, దాని మడమతో."

"ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టండి ఉస్తా. దానితో బల్లంతా గీకేస్తున్నారు."

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ."

"నెస్రిన్‌కి?"

"చెప్పలేదు. తను నాలుగు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. అయినా చెప్పలేదు."

"ఎందుకు?"

"చెబితే ఈ ఊళ్లో మీ దగ్గరికి తుపాకీ ఎవరు తెస్తారు? తన తుపాకీ ఆగిపోతే మాటు వదిలి పొదలో దాక్కుని కొట్టుకున్న ఉస్తా దగ్గరికి? ఇల్లరికం అల్లుడు పిరికివాడంటే ఎవరికీ పెద్ద వింత కాదు. మీ సంగతి వేరు."

"బండ మీద నిలబడితే అటు మూడో మాటు నుంచీ ఇటు ఐదో మాటు నుంచీ కనపడతాను. రెజాయ్ తుపాకీ ఇరుక్కుంది చూడండ్రా అని... ఆ నవ్వులు నాకు ముందే వినపడ్డాయి. ఒక్క నిమిషం పని అనుకున్నాను. ఆ నిమిషంలో పంది వస్తుందనుకోలేదు."

"ఏమైంది మీ తుపాకీకి?"

"ఏమవుతుంది? మసి. రంధ్రాలన్నీ మసి. పొద్దుట్నుంచీ ఊరివాళ్లవి విప్పుతాను, నాది మాత్రం బీరువాలో పెట్టి తాళం వేస్తాను. విప్పి రెండేళ్లయింది."

"రెండేళ్లా?"

"మూడు."

"పొద్దుతిరుగుడు నూనె అయినా పొయ్యాల్సింది."

"నవ్వు, నవ్వు. నీకు హక్కుంది. నువ్వు కాల్చి ఉంటే ఇవాళ ఈ కొట్టుకి తాళం ఉండేది."

"నేను నవ్వడానికి రాలేదు. మొదట్నుంచీ నేను అడగడానికి వచ్చింది ఒకటే. తుపాకీ ఆగిందని చెప్పండి. మామయ్య తుపాకీని తిడతాడు, ఎంచినందుకు మిమ్మల్ని రెండు రోజులు దెప్పుతాడు, తర్వాత మర్చిపోతాడు. నా చీటీ నాకు, మీ కొట్టు మీకు. పోయేది ఒక చవక తుపాకీ పరువు. దానికి ఎలాగూ నోరు లేదు."

"ఇన్ని రోజులూ ఇంత తెలిసీ, నేను ఇందాకట్నుంచీ అన్నవన్నీ పడుతూ కూర్చున్నావా?"

"మీరు కనుక్కోలేరనుకున్నాను. గాటు సంగతి నాకు తెలియదు."

"ఫోన్ మోగుతోంది."

"వినపడుతోంది. మామయ్యేనా?"

"ఆయనే. సాయంత్రం నేనే చేస్తానన్నాను, ఆగలేకపోయాడు."

"ఆగిందని చెప్పండి ఉస్తా. ఒక్క మాట."

"హలో. ఆ, వెహ్బీ అన్నా. అల్లుడు ఇక్కడే ఉన్నాడు. మొత్తం విప్పాను, అన్నీ చూశాను. అవును. మొరాయించిన మాట నిజమేనన్నా, బోల్ట్ ఇరుక్కుపోయింది... చెబుతున్నా కదా, నిజమే... అల్లుణ్ని తర్వాత పిలుద్దువుగాని, నన్ను పూర్తి చెయ్యనీ, మళ్లీ నాకు ధైర్యం రాదు. ఆ రోజు నేను బండ మీద లేను. వాగులో, సరిగ్గా వాడి గురికి ఎదురుగా ఉన్నాను. ఆగింది వాడి తుపాకీ కాదన్నా. నాది."